చెలిమె దగ్గర అడగాల్సిన మాట: ఒక ఇసుక రీచ్ కేసు

షెడ్యూల్డ్ ప్రాంతాల కేసులు పట్టుకుంటున్న జూనియర్ వకీళ్ల కోసం, ఇసుక తవ్వకం మీద నేను నడిపిన ఒక కేసు గురించి రాస్తున్నాను. ఊరు, మండలం, సంవత్సరం, కేసు నంబరు ఇవ్వడం లేదు. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను. నేను ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నానో, అందులో ఎక్కడ పొరపాటు పడ్డానో మాత్రం ఉన్నది ఉన్నట్టే రాశాను.

నేపథ్యం

గోదావరి ఒడ్డున ఒక కోయ గూడెం. 80 ఇళ్ల లోపే. రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కింద గిరిజనులకు ప్రత్యేక రక్షణ ఉన్న ప్రాంతం. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తెలంగాణలో చాలా తండాలు, గూడేలు విడి పంచాయతీలయ్యాయి. ఈ గూడెం జనాభా తక్కువ కావడంతో 3 కిలోమీటర్ల దూరంలో ఉన్న పెద్ద ఊరి పంచాయతీలోనే ఉండిపోయింది. పెద్ద ఊళ్లో దుకాణాలు, ఎరువుల షాపులు, గిరిజనేతర కుటుంబాలు ఉన్నాయి. ఈ విషయం గుర్తుంచుకోండి, తర్వాత కేసంతా దీని చుట్టూనే తిరిగింది.

గూడెంలో నల్లా ఉంది. ఆ నీళ్లు స్నానాలకు, గిన్నెలకు, పశువులకు వాడతారు. తాగడానికి మాత్రం చెలిమె నీళ్లే. తెల్లవారక ముందే ఆడవాళ్లు బిందెలతో నది ఇసుకలోకి దిగుతారు. మోకాటి లోతు గుంట తీసి, మొదట ఊరిన మడ్డి నీళ్లు బయటికి తోడి పోస్తారు. కాసేపు ఊరుకుంటే ఇసుకలోంచి తేట నీరు ఊరుతుంది. దాన్ని కొబ్బరి చిప్పతో, అడుగు కదలకుండా, బిందెలోకి ఎత్తుతారు. ఒక బిందె నిండడానికి ఎంత సేపు పడుతుందో చూసి ఆ ఏడు ఎండ ఎట్లుంటుందో చెప్పేవాళ్లు ఉన్నారక్కడ.

ఈ నీళ్లకూ ఇసుక మందానికీ సంబంధం ఉంది. ఇసుక నీటిని పట్టి ఉంచుతుంది. పక్కన పొక్లెయిన్ పెట్టి ఊట మట్టం కంటే కిందికి గొయ్యి తీస్తే నీరు పల్లానికి, ఆ గోతిలోకే పోతుంది. చెలిమె ఎండుతుంది. నా కక్షిదారులకు ఇది చిన్నప్పటి నుంచీ తెలుసు. నేను తెలుసుకోవడానికి 3 నెలలు పట్టింది.

చట్టం సంగతి క్లుప్తంగా. ఇసుక చిన్న తరహా ఖనిజం, దాని మీద నియమాలు చేసేది రాష్ట్రం. షెడ్యూల్డ్ ప్రాంతంలో స్థిరాస్తిని గిరిజనేతరులకు బదలాయిస్తే చెల్లదని 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలు, వాటికి 1970లో వచ్చిన సవరణ చెబుతున్నాయి. మనం వాడుకలో 1/70 అనేది దీన్నే. ప్రభుత్వం కూడా ఆ నిబంధనల కింద ఒక ‘వ్యక్తే’ అని, గిరిజనేతరులకు మైనింగ్ లీజు ఇవ్వడానికి వీల్లేదని 1997 జూలైలో సమత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే ఇక్కడ ఇసుక రీచ్‌లు, అంటే నదిలో ఇసుక తవ్వకానికి ఇచ్చిన మేరలు, గిరిజన సహకార సొసైటీల పేరు మీద నడుస్తాయి. కాగితం మీద సొసైటీ ఉంటుంది. యంత్రాలు, పెట్టుబడి, లారీలు వేరే వాళ్లవి.

ఇక షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభలకు అధికారాలిచ్చే 1996 నాటి పెసా చట్టం. దీని దగ్గరే ఎక్కువ మంది తడబడతారు. భూసేకరణకు ముందు గ్రామసభను లేదా తగిన స్థాయి పంచాయతీని ‘సంప్రదించాలి’ అంటుంది. చిన్న తరహా ఖనిజాల లీజుకు ముందు వాటి ‘సిఫారసు’ తప్పనిసరి అంటుంది. ‘ముందస్తు సమ్మతి’ అన్న మాట పెసాలో కాదు, 2013 భూసేకరణ చట్టం 41వ సెక్షన్‌లో ఉంది, అది కూడా భూసేకరణకే. సంప్రదింపు, సిఫారసు, సమ్మతి అనే మూడు మాటల బరువు మూడు రకాలు. కక్షిదారులకు ఏదో ఒకటే చెప్పి పంపితే తర్వాత మనమే మాట పడాల్సి వస్తుంది.

వాళ్లు తెచ్చిన సమస్య

ఫిబ్రవరిలో ఒక పొద్దున అదాలత్ దగ్గర నా ఆఫీసుకు ఆరుగురు మగవాళ్లు వచ్చారు. మొదటి బస్సు పట్టుకుని వచ్చారట, ఏమీ తినలేదు. పెద్దాయన సంచిలోంచి ప్లాస్టిక్ కవరు, అందులోంచి ఒక జిరాక్సు తీసి బల్ల మీద పెట్టాడు. గడిచిన మే నెలలో గ్రామసభ జరిగినట్టు, ఇసుక తవ్వకానికి సొసైటీ పేరు మీద సిఫారసు చేసినట్టు అందులో ఉంది. అడుగున రెండు పేజీల నిండా సంతకాలు, వేలిముద్రలు.

“ఈ సభ మాకు తెల్వది సారూ. జనవరి నుంచి టిప్పర్లు వస్తున్నయి. చెలిమె కిందికి వోయింది,” అన్నాడు.

నేను కాగితం మీద తేదీ చూశాను, పంచాయతీ ముద్ర చూశాను. సభ జరిగిన చోటు గూడెం కాదు, పెద్ద ఊరి పంచాయతీ ఆఫీసు. కేసు బలంగా ఉందనిపించింది. ఒక వాక్యం చెప్పి ఆయన ఆగిపోయినా, ఇంకేమైనా ఉందా అని నేను అడగలేదు.

మొదటి నిర్ణయం: నేరుగా రిట్

ఆ రోజు నా లెక్క ఇది. టిప్పర్లు నడుస్తున్నాయి. ఆఫీసుల చుట్టూ అర్జీలు పట్టుకుని తిరిగితే వేసవి అయిపోతుంది. హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణ కింద రిట్ వేసి స్టే తెస్తే తవ్వకం ఆగుతుంది, మిగతావి తర్వాత చూసుకోవచ్చు. పైగా చట్టపరంగా నా పాయింటు శుభ్రంగా కనిపించింది. పెసా దృష్టిలో ఊరంటే తన ఆచారాల ప్రకారం తన వ్యవహారాలు తాను నడుపుకునే ఆవాసం లేదా ఆవాసాల గుంపు. కాబట్టి గూడెం తీర్మానం లేకుండా పెద్ద ఊరి తీర్మానం చెల్లదు.

ఆరుగురు చాలరు, ఊరంతా వెనక ఉన్నట్టు కనపడాలని మా జూనియర్‌ని బండి మీద గూడేనికి పంపాను. అతను అర్ధగంటలో 19 మందితో వకాలత్ (కేసు నడపమని వకీలుకిచ్చే అధికార పత్రం) మీద వేలిముద్రలు, సంతకాలు తీసుకొచ్చాడు. ఆ వేగం చూసి మెచ్చుకున్నాను కూడా.

రిట్ నడవలేదు. సొసైటీ తరఫున కౌంటర్ వచ్చింది. దాంట్లో 40 మంది సభ్యుల జాబితా, అందరూ ఆ గూడెం కోయలే. నా 19 మంది పిటిషనర్లలో ఏడుగురు, వాళ్లు కాకపోతే వాళ్ల భార్యలు, ఆ జాబితాలో ఉన్నారు. ఒక ఇంట్లో భర్త పిటిషనరు, భార్య ప్రతివాది సంఘం సభ్యురాలు. ఆ పేజీ మొదటిసారి కోర్టు హాల్లోనే చూశాను. సంతకాలు నిజమా అబద్ధమా అన్నది సాక్ష్యాలు తీసుకుని తేల్చాల్సిన విషయమని, రిట్‌లో తేల్చేది కాదని కోర్టు చెప్పింది. పిటిషనర్ల అర్జీని జిల్లా అధికారి విని నిర్ణయించాలని ఆదేశించి కేసు ముగించింది. స్టే రాలేదు. తీర్పులో తప్పు లేదు. ఆ వాస్తవాలతో నేనే ఆ కుర్చీలో ఉన్నా అదే చేసేవాణ్ణి.

పెసాలో ‘గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ’ అని ఉన్న ఆ ‘లేదా’ను కూడా అవతలి పక్షం గట్టిగా పట్టుకుంది. పంచాయతీ తీర్మానం ఉంది కదా, చాలదా అని. దానికి నా దగ్గర జవాబు ఉంది. కానీ వాస్తవాల దగ్గరే కూలిపోయిన కేసులో చట్టం మీద జవాబు ఎవరు వింటారు?

రెండో ప్రయత్నం: విచారణ

ఏప్రిల్‌లో విచారణ పెట్టారు. చోటు మళ్లీ పెద్ద ఊరి పంచాయతీ ఆఫీసే. నేను 14 పేజీల రాతపూర్వక వాదన, సమత తీర్పు, పెసా నియమాలు పట్టుకుని వెళ్లాను. ఆఫీసు ఎదురుగా చాయ్ హోటల్ బెంచీల మీద రీచ్ నడిపించే వాళ్ల మనుషులు పొద్దున్నుంచీ కూర్చున్నారు. ఎవరినీ ఏమీ అనలేదు. లోపలికి పోయే ప్రతి మనిషినీ చూస్తూ కూర్చున్నారు, అంతే.

ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి అడిగిన ప్రశ్న ఒకటే: “సొసైటీ వల్ల మీ పిల్లలకు పని దొరుకుతోందా, లేదా?” దొరుకుతోంది అన్నారు. అది నిజమే. కాగితం మీద ‘అభ్యంతరం లేదు’ అని పడింది. నేను లేచి, అడగాల్సిన ప్రశ్న ఇది కాదని అభ్యంతరం రాసిచ్చాను. అది ఫైల్లో ఒక మూలకు చేరింది.

ఆ సాయంత్రం అక్కడే ఒక అవ్వ నా కారు దగ్గరికి వచ్చింది. జిరాక్సులో తన పేరు ఎదురుగా ఉన్న వేలిముద్ర చూపించమంది. చూపించాను. తన ఎడమ బొటనవేలు నా ముందు పెట్టింది. ఏళ్ల కింద వరి కోతలో కొడవలికి తెగి, వేలు మధ్యలో అడ్డంగా ఒక గీత పడి ఉంది, లోపలికి మడత పడినట్టు. కాగితం మీద ముద్రలో ఆ గీత లేదు. నిండుగా, గుండ్రంగా ఉంది. సాక్ష్యం దొరికిందని నాకు సంతోషం వేసింది. అప్పుడే ఆమె అంది:

“సారూ, వాళ్లు కాయితం మీద ఏలు ఏపిచ్చుకున్నరు. మీ పిలగాడొచ్చి ఏలు ఏపిచ్చుకున్నడు. ఒక్కలు గూడ సదివి ఇనిపియ్యలే.”

నా దగ్గర జవాబు లేదు. ఊరిని అడగకుండా ఊరి పేరు మీద కాగితం తయారు చేశారన్నదే మా పిటిషన్‌లో మొదటి పేరా. నేను చేసిందీ అదే. ఆ 19 మందిలో ఎంతమందికి ఏం కావాలో ఇంకా నాకు తెలియదు.

ఏం మార్చాం

మొదట కాగితాల పని ఆపాను. అప్పీలు వేద్దామని సహచరులు అన్నారు. అప్పీల్లో కూడా ఇవే వాస్తవాలు పోతాయి కాబట్టి వద్దన్నాను. ఏడుగురు రెండు పక్షాల్లోనూ ఉన్నారు కాబట్టి వాళ్లకు విడిగా చెప్పాను: మీ ఇంట్లోనే ప్రయోజనాలు రెండు రకాలుగా ఉన్నాయి, కావాలంటే మీ వకాలత్ వెనక్కి ఇస్తాను, ఫైలు కూడా ఇస్తాను. ఇద్దరు తీసుకున్నారు. ఐదుగురు ఉన్నారు. ఈ మాట మొదటి రోజే చెప్పి ఉండాల్సింది.

తర్వాత గూడెంలో మూడు చోట్ల కూర్చున్నాం. తెల్లవారుజామున చెలిమె దగ్గర ఆడవాళ్లతో మా ఆడ జూనియర్ కూర్చుంది. మిర్చి కూలి నుంచి వచ్చాక రాత్రి పూట యువకులతో. ఒక మధ్యాహ్నం ఊరి పెద్ద అయిన పటేల్, పూజారి అయిన వడ్డె, ముసలివాళ్లతో. కోయ మాట్లాడే ఒక డిగ్రీ పిల్లవాడు చదివి వినిపించడానికి, అటు మాట ఇటు చెప్పడానికి ఉన్నాడు. చట్టం మీద ఉపన్యాసం వద్దనుకున్నాం. అడిగింది రెండే ప్రశ్నలు: ఇసుక తీయడం వల్ల మీకేం పోతోంది? ఏం వస్తోంది?

నేను ఊహించింది ఒకటి, విన్నది ఒకటి. ఇసుక అసలే వద్దన్నవాళ్లు చాలా తక్కువ. యువకుల్లో నలుగురు కిస్తీల మీద ట్రాక్టర్లు తెచ్చుకున్నారు, రీచ్ మూతపడితే ఫైనాన్స్ వాళ్లు బండి లాక్కుపోతారన్న టెన్షన్ వాళ్లది. ఆడవాళ్లకు డబ్బు గురించి అభ్యంతరం లేదు, చెలిమెలు తీసే మేర మాత్రం ముట్టుకోవద్దు. ముసలివాళ్లకు ఒక రేవు ముఖ్యం. ఇలవేల్పుకు నీళ్లు తెచ్చేది అక్కడి నుంచే. ఆ మాట 14 పేజీల నా వాదనలో ఎక్కడా లేదు, ఎందుకంటే ఆఫీసుకు వచ్చిన ఆరుగురూ దాన్ని చెప్పలేదు, నేను అడగలేదు. అందరినీ కలిపి మండించిన విషయం మాత్రం ఒకటే. సొసైటీ పాస్‌బుక్‌ను సొసైటీ సభ్యులెవరూ కళ్లారా చూడలేదు.

కొందరు యువకులు ఫోన్లో చూసి ఒడిశాలోని నియమగిరి కొండల సంగతి తెలుసుకున్నారు. 2013లో సుప్రీంకోర్టు అక్కడి గ్రామసభలకే వదిలేస్తే 12 సభలూ వద్దన్నాయి, మైనింగ్ ఆగిపోయింది, మనం కూడా అట్లే చేద్దాం అన్నారు. అక్కడ అడవి హక్కుల చట్టం, వాళ్ల కొండ మీద పూజ హక్కులు కేంద్రంగా ఉన్నాయని, ఇక్కడ నదిలో ఇసుకకు పెసా ఇచ్చేది సిఫారసు అనే తలుపు అని, ఆ తలుపు ఎంతవరకు తెరుచుకుంటుందో అంతే చెప్పాను. ఒక కుర్రాడు నిరాశపడ్డాడు. లేని బలం ఉందని చెప్పడం కంటే అది నయం.

ఒక రోజంతా నది ఇసుకలోనే గడిచింది. ఆడవాళ్లు ముందు నడుస్తూ, ఏ వేసవిలో ఎక్కడ ఊట దొరికిందో కట్టెలు పాతుకుంటూ పోయారు. వెనక మేము టేపుతో కొలుచుకుంటూ రాసుకున్నాం. మధ్యాహ్నానికి ఇసుక కాలుతోంది. చెప్పులు లేని వాళ్లే మా కంటే వేగంగా నడిచారు. పొద్దుగూకే సరికి 31 కట్టెలు పాతారు. టిప్పర్లు దిగే ర్యాంపు ఆ కట్టెల మధ్యలోంచే పోతోంది.

ఏది పనిచేసింది

మొదట వేలిముద్ర సంగతి. అవ్వ బొటనవేలు చూసి నాకు ఆశ పుట్టింది గానీ, నిపుణుడి నివేదిక లేకుండా అది నిలబడదు. నివేదికకు అసలు రిజిస్టరు కావాలి, జిరాక్సు పనికిరాదు. అసలు రిజిస్టరు అవతలి వాళ్ల చేతుల్లో ఉంది. దాన్ని కేసుకు ఆధారం చేసుకోవద్దనుకున్నాను, తోడుగా మాత్రం ఉంచాను.

తిరుగులేని కాగితం వేరే చోట దొరికింది. సభ జరిగిందన్న తేదీ మే నెలలో, టైము ఉదయం 11 గంటలు. మే నెలలో ఈ ప్రాంతంలో కూలి జనం ఎక్కడుంటారు? తునికాకు కోతలో, లేదంటే ఉపాధి హామీ పనిలో. సమాచార హక్కు కింద 10 రూపాయల దరఖాస్తుతో ఆ వారం మస్టరు (పని హాజరు పట్టీ) నకలు అడిగాం. 30 రోజుల గడువు దాటింది, మొదటి అప్పీలు వేశాక ఇచ్చారు. ఆ రోజు గూడెం వాళ్లు చెరువు పూడిక పనిలో ఉన్నారు. సభకు హాజరైనట్టు సంతకాలున్న వాళ్లలో 17 మందికి అదే రోజు మస్టరులో హాజరు పడి, కూలి జమ అయింది. రెండూ ప్రభుత్వ రికార్డులే. ఒకటి నిజమైతే రెండోది నిజం కాదు. ఇక్కడ మా మాట నమ్మమని ఎవరినీ అడగక్కర్లేదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. మస్టరు అడిగే ముందు, సభ కాగితం మీద పేర్లున్న గూడెం వాళ్లకు ఒక విషయం వివరించాం. ఒకవేళ ఆ రోజు పనికి పోకుండా మస్టరు వేయించుకుని ఉంటే ఈ కాగితం వాళ్ల మీదికే తిరుగుతుంది. ఒక్కొక్కరూ ఆలోచించుకుని సరే అన్నాకే దరఖాస్తు వేశాం. ఇటువంటివి కక్షిదారు వెనక చేయకూడదు.

రెండోది సొసైటీ లోపలి తలుపు. సహకార సంఘాల చట్టం 51వ సెక్షన్ కింద సంఘం మొత్తం సభ్యుల్లో ఐదో వంతు మంది రాసిస్తే రిజిస్ట్రార్ విచారణ జరపాల్సిందే. 40 మందిలో 8 మంది చాలు. మేము సభ్యుల జాబితా గూడెం మధ్యలో చదివించాం. తమ పేరు విని, తాము సభ్యులమని అప్పుడే తెలుసుకున్నవాళ్లు ఉన్నారు. 23 మంది సంతకం చేశారు, ఈసారి ప్రతి పేజీ కోయలో వినిపించాకే. మొన్నటిదాకా నా కేసును పడగొట్టిన జాబితానే ఇప్పుడు మా బలమైంది.

ఆ వారంలోనే సొసైటీ అధ్యక్షుడు రాత్రి పూట నా ఆఫీసు మెట్ల దగ్గరికి వచ్చాడు. గూడెం పిల్లవాడే, పాతికేళ్లు దాటవు. ఖాళీ చెక్కుల పుస్తకం మొత్తం మీద సంతకాలు పెట్టిచ్చానని చెప్పబోయాడు. అక్కడే ఆపాను. అతనికి వేరే వకీలు ఉన్నాడు. అవతలి పక్షం మనిషితో అతని వకీలు లేకుండా కేసు గురించి మాట్లాడకూడదని బార్ కౌన్సిల్ నియమం. విందామన్న ఆశ గట్టిగానే కలిగింది. కానీ వింటే ఆ తర్వాత ఆ అబ్బాయినీ, మా కేసునూ ఇద్దరినీ ముంచేవాణ్ణి. సొసైటీ వకీలు కాకుండా తన కోసం విడిగా ఒక వకీలును పెట్టుకో, ఆయన ద్వారా విచారణలో చెప్పు అన్నాను. చాయ్ తాగి వెళ్లాడు. విచారణలో అతను అదే చెప్పాడు. పాస్‌బుక్ బయటికి వచ్చింది. డబ్బు పడిన మర్నాడే చెక్కుల మీద దాదాపు మొత్తం బయటికి పోయింది, ప్రతిసారీ.

మూడోది గూడెం సొంత గ్రామసభ. పెసా కోరం కంటే గట్టి కొలత పెట్టుకున్నాం. అడవి హక్కుల నియమాలకు 2012లో వచ్చిన సవరణ ప్రకారం మొత్తం సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. ఇసుకకు అది వర్తించకపోయినా దాన్నే పాటిద్దామన్నాను, రేపు కోరం లేదని ఎవరూ అనకుండా. నోటీసు కోయలో చాటింపు వేయించారు, తెలుగులో అంటించారు. అధికారులకు రాతపూర్వకంగా పంపి రసీదు తీసుకున్నారు. చెలిమెల మ్యాపును నేల మీద ముగ్గుతో వేశారు. యువకులూ ఆడవాళ్లూ గట్టిగానే వాదించుకున్నారు. ఆ వాదనను కూడా మినిట్స్‌లో రాయమన్నాను. అందరూ ఒకే గొంతుతో ఒప్పుకున్నట్టు రాసే మినిట్స్‌నే ఎవరైనా మొదట అనుమానిస్తారు.

తీర్మానంలో పాత సిఫారసు తమది కాదన్నారు. కొత్తగా చిన్న మేరకు సిఫారసు చేశారు, షరతులతో: చెలిమెల మేర, రేవు వదిలేయాలి, యంత్రాలు దిగకూడదు, మనుషులే ట్రాక్టర్లకు ఎత్తాలి, పొద్దుగూకితే పని ఆపాలి, సొసైటీ లెక్కలు నెలనెలా గూడెంలో చదవాలి. చెలిమె ఊట తగ్గిందన్న దాని మీద నీరు, భూమి, చెట్ల రక్షణకున్న వాల్టా చట్టం కింద అర్జీ పెట్టి, భూగర్భ జల శాఖ వాళ్లతో అక్కడికక్కడే కొలిపించాం. 31 కట్టెలు పాతిన మ్యాపు ఆ రోజు చాలా పని చేసింది.

ఏం దక్కింది, ఏం దక్కలేదు

పాత తీర్మానాన్ని పక్కన పెట్టారు. యంత్రాల వాళ్లతో సొసైటీ చేసుకున్న ఒప్పందం రద్దయింది. కొత్త కమిటీలో ముగ్గురు ఆడవాళ్లు వచ్చారు. కొత్త మేర గూడెం గీసిన గీతకు దగ్గరగానే వచ్చింది, రేవు తవ్వకం నుంచి బయటపడింది. యంత్రాలు వద్దన్న షరతు కూడా నిలిచింది.

షరతు తప్పితే తవ్వకం తామే ఆపే అధికారం కావాలని గూడెం అడిగింది. అది రాలేదు. ఫిర్యాదు చేసే అధికారం ఉంది. ఫిర్యాదుకూ ఆపడానికీ మధ్య ఎన్ని రోజులు పడుతుందో అక్కడి వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. బయటికి పోయిన పాత డబ్బు రాబట్టే పని ఇంకా నడుస్తోంది.

ఇంకొకటి కూడా రాయాలి. ఇదంతా తేలే సరికి గోదారి నిండుగా వచ్చింది, అంటే ఆ వేసవి మొత్తం పోయింది. మార్చి నుంచి జూన్ దాకా ఆడవాళ్లు దిగువన 2 కిలోమీటర్లు నడిచి నీళ్లు తెచ్చుకున్నారు. ఫిబ్రవరిలో నేను రిట్‌కు బదులు గూడెంలో కూర్చుని ఉంటే, కనీసం ర్యాంపును పక్కకు జరిపే మాట ఏప్రిల్ నాటికి తేలేదని ఇప్పటికీ అనుకుంటున్నాను.

నా పద్ధతిలో మారినవి

రిట్ ఎప్పుడూ వద్దని నేను అనను. సభే జరగలేదని రెండు ప్రభుత్వ కాగితాలు ఒకదాన్ని ఒకటి కొట్టేస్తున్నప్పుడు రిట్ వేయండి, అప్పుడు తేల్చాల్సిన వాస్తవం మిగలదు. నేను మస్టరు లేకుండా వెళ్లాను.

వకాలత్ ఇప్పుడు నా ఆఫీసులో చదివి వినిపించకుండా ఎవరితోనూ వేయించం. అవసరమైతే కోయలో, గోండిలో, లంబాడీలో చెప్పే మనిషిని పెడతాం. ఎక్కువ మంది పిటిషనర్లుంటే బలం అన్నది భ్రమ. విషయం తెలిసిన ఐదుగురు, తెలియని 50 మంది కంటే మేలు.

సొసైటీ జాబితా, ఓటరు జాబితా, పిటిషనర్ల జాబితా, ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూడకుండా ఇసుక కేసు ముట్టుకోను. పేరు రెండు చోట్ల కనపడితే అక్కడే ఆగి, ఆ ఇంటికి వెళ్లి అడుగుతాం.

మగవాళ్లు మాత్రమే ఆఫీసుకు వస్తే, నీళ్లు తెచ్చేది ఎవరని అడుగుతాను. వాళ్లు రాకుండా కేసు రాయను.

మొన్న వానల తర్వాత గోదారి తగ్గాక గూడెం నుంచి ఫోన్ వచ్చింది. వరదకు సరిహద్దు కర్రలన్నీ కొట్టుకుపోయాయి, ఇసుక మేట వేరే చోటికి జరిగింది, పాత కొలతలు ఇక పనికిరావు. రేవు దగ్గర బండరాయి కదల్లేదు కాబట్టి దాని నుంచి తాడుతో మళ్లీ కొలుస్తున్నారట. సీజను మొదలయ్యే లోపు గ్రామసభ కూర్చోవాలని తేదీ కూడా పెట్టుకున్నారు. నేను రావాలా అని అడిగాను. “అవుసరముంటె చెప్తం సారూ. రిజిస్టర్ జిరాక్సు మాత్రం పంపుతం,” అన్నాడు పెద్దాయన. నిన్న పోస్టులో వచ్చింది. నాలుగో పేజీలో, ఎడమ వైపు, అడ్డంగా గీత పడిన ఒక వేలిముద్ర ఉంది.